60 అడుగుల గోడకి మధుకామిని కంచె: ఎన్ని మొక్కలు పడతాయి?

గూడూరు_గాలి | 9 జూన్, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

గూడూరు దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టాం. ముందు రోడ్డు, దాని వెంబడి 60 అడుగుల గోడ. గోడ ఎత్తు నాలుగడుగులే. వరండాలో కూర్చుని మా అమ్మ ఏం కూర తరుగుతోందో బస్సులో పోయేవాళ్లకి కూడా తెలిసిపోతుంది. గోడ పెంచుదామంటే మా నాన్న ఒప్పుకోడు, జైలులా ఉంటుందట. అందుకని గోడ లోపలి వైపు పచ్చటి కంచె వేద్దామనుకున్నాం.

చెన్నైలో మా ఆఫీసు ఆవరణలో మధుకామిని కంచె ఉంది. ఏడాది పొడుగునా ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. వానలు పడ్డాక కొన్నాళ్లకి ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. ఆ వాసనకి సెక్యూరిటీ అన్న కూడా కుర్చీ అక్కడికే జరుపుకుంటాడు. అదే వేయాలని నిశ్చయం. నర్సరీలో 45 మొక్కలకి 2000 అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను.

మొక్కకీ మొక్కకీ ఎంత దూరం? గోడకి ఎంత దూరం? ఆరడుగులు కావడానికి ఎన్నేళ్లు పడుతుంది? మా బోరు నీళ్లు కొంచెం ఉప్పన, దానికి తట్టుకుంటుందా?

కడియపులంక_కుర్రాడు | 9 జూన్, రాత్రి 10:25

అన్నా, చిన్నప్పటి నుంచీ ఈ మొక్కల మధ్యే పెరిగాను కాబట్టి చెప్తున్నా.

అడుగున్నరకి ఒకటి. 60 అడుగులకి 41 పడతాయి, నాలుగు స్పేర్ ఉంచుకోండి, మీ లెక్క కరెక్టే. గుంటలు విడివిడిగా తియ్యొద్దు, అడుగున్నర లోతు కాలవ తీసి పశువుల ఎరువు కలిపి పూడ్చండి. గోడకి రెండడుగులు వదలండి. లేకపోతే రేపు గోడ వైపు కత్తిరించడానికి మనిషి దూరలేడు, అటు పక్క అడవి అయిపోతుంది.

ఆరడుగులు అంటే మూడు నాలుగేళ్లు మాట. కామిని నిదానం. డ్యురాంటాలాగా ఏడాదిలో లేచిపోదు. కానీ లేచాక దాని గట్టిదనం వేరు. కర్ర ఎంత గట్టిగా ఉంటుందంటే పనిముట్లకి పిడులు చేస్తారు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. మొక్క ఎదగాలని పైన ముట్టుకోరు. నాలుగేళ్లకి పైన గొడుగు, కింద కాళ్లు. మీ అమ్మగారు కూర్చునే ఎత్తులో మళ్లీ ఖాళీ. మోకాలి ఎత్తు రాగానే కొస తుంచేయాలి, తర్వాత ప్రతి అడుగుకీ ఒకసారి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండేలా కత్తిరించాలి. అప్పుడే కింది ఆకుకి ఎండ తగులుతుంది.

ఉప్పు నీళ్లే ఇబ్బంది. సున్నం ఎక్కువున్న నేలలో, ఉప్పు నీళ్లలో ఆకు పాలిపోతుంది, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి.

మిద్దెతోట_మామ్మ | 10 జూన్, ఉదయం 5:50

బాబూ, మంచి ఆలోచన. మా రాజమండ్రి ఇంట్లో నలభై ఏళ్ల కిందట వేసిన కామిని ఒకటి ఉండేది. కంచె కాదులే, వదిలేస్తే చెట్టయింది. పూసిన మూడో రోజుకల్లా రేకలన్నీ రాలి కింద అటుకులు ఆరబోసినట్టుండేది. ఊడ్చబుద్ధయ్యేది కాదు. ఎర్రటి చిన్న పళ్లకి పిగిలిపిట్టలు వచ్చేవి. అవి తిని ఎక్కడెక్కడో వేస్తే తులసికోటలో కూడా కామిని మొలిచింది.

మీ నాన్న మాటే నాదీ. గోడ పెంచకండి.

ఒక్కటి. పడకగది కిటికీకి దగ్గరగా వద్దు. మా ఆడపడుచుకి ఆ వాసన పడేది కాదు, పూసినన్నాళ్లూ తలనొప్పి అని వెనక గదిలో పడుకునేది.

తొందరగాడు | 10 జూన్, ఉదయం 9:12

నాలుగేళ్లు ఎవరు ఆగుతారు బ్రో? కోనోకార్పస్ వేసెయ్. ఏడాదిన్నరలో పది అడుగులు. ఏ నీళ్లయినా సరే. మా వెంచర్ చుట్టూ అదే.

కడియపులంక_కుర్రాడు | 10 జూన్, ఉదయం 9:30

వద్దు బాబోయ్. ఒకప్పుడు మేమే లారీలకి లారీలు లోడెత్తాం, దాచుకోను. ఇప్పుడు దాని వేళ్లు పైపుల్లో దూరుతున్నాయని అడిగినవాళ్లే పీకించేస్తున్నారు. పుప్పొడితో దగ్గు, ఆయాసం అనే గోల వేరే. గుజరాత్‌లో 2023లో నిషేధించారు కూడా.

తొందరగాడు | 10 జూన్, ఉదయం 9:41

మా వెంచర్‌లో ఎవరికీ ఏం కాలేదు 🙂

నిద్రలేని_నారి | 10 జూన్, మధ్యాహ్నం 2:05

కామినిని మావైపు నాగగొలుగు అంటారు. పేరులోనే నాగ ఉంది. వాసనకి పాములు వస్తాయని మా అత్తయ్య ఇంటి దగ్గర పెట్టనివ్వలేదు. నిజమేనా? ఊరు, పైగా తోటల పక్క ఇల్లు అయితే ఆలోచించుకోవాలి కదా.

కాకినాడ_బోటనీ | 10 జూన్, సాయంత్రం 6:30

పాముకి మల్లెపూల వాసనతో, కామిని వాసనతో పనిలేదమ్మా. దానికి కావలసింది కప్పలు, ఎలకలు, చల్లటి చాటు. ఏ కంచె అయినా కింద దట్టంగా ఉండి, రాలిన ఆకు ఊడవకుండా వదిలేస్తే వస్తుంది. నేల మీద ఒక జానెడు ఖాళీ ఉంచి, అడుగున చెత్త లేకుండా చూసుకుంటే చాలు.

ఇక పేర్ల సంగతి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నోరు, ఆగదు. భరించండి. మధుకామిని శాస్త్రీయ నామం ముర్రయా పానిక్యులేటా. మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు అలవాటు చేసిన లిన్నేయస్ 1767లో దీనికి వేరే పేరు పెట్టాడు. 1820లో విలియం జాక్ ముర్రయాలోకి మార్చాడు. ముర్రయా అన్నది లిన్నేయస్ శిష్యుడు మర్రే పేరు మీద వచ్చింది. మన కరివేపాకు కూడా నిన్నమొన్నటి దాకా ఇదే ఇంటిపేరుతో ఉండేది, ముర్రయా కోయెనిగీ అని. ఇప్పుడు మళ్లీ లిన్నేయస్ పెట్టిన బెర్జెరా కోయెనిగీకే తీసుకెళ్లారు. ఆ కోయెనిగ్ ఎవరనుకున్నారు? లిన్నేయస్ దగ్గరే చదువుకుని తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చిన వైద్యుడు. 1785లో మా కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. జబ్బులో దగ్గరుండి చూసుకున్నది సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్. కరివేపాకు తాలింపులో పడ్డప్పుడల్లా నాకు జగన్నాథపురం గుర్తొస్తుంది, మా ఆవిడకి మాత్రం విసుగొస్తుంది.

కామిని, కరివేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు, వెలగ అన్నీ ఒకే కుటుంబం. కామిని ఆకు నలిపి వాసన చూడండి, తెలిసిపోతుంది. ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సూదితో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. నిమ్మాకులోనూ అవే.

నల్గొండ_బత్తాయి | 10 జూన్, రాత్రి 8:15

సార్ ఒకే కుటుంబం అనగానే నాకు అనుమానం వచ్చింది. గూడూరు అన్న, ఒక మాట అడుగుతా. గూడూరు అంటేనే నిమ్మకాయల మార్కెట్. మీ ఇంటి చుట్టుపక్కల నిమ్మతోటలు ఉన్నాయా?

గూడూరు_గాలి | 10 జూన్, రాత్రి 9:02

ఉన్నాయి. అసలు మాదే ఉంది. ఇంటి వెనక గోడకి ఆనుకుని మూడెకరాలు, మా నాన్న చూసుకుంటాడు. ఎందుకు అడిగారు? టెన్షన్ పెట్టకండి, అడ్వాన్స్ ఇచ్చేశాను.

నల్గొండ_బత్తాయి | 10 జూన్, రాత్రి 9:48

టెన్షన్ పెట్టడానికే అడిగిన అన్నా, ఏమనుకోకు.

బత్తాయి, నిమ్మల మీద సిల్లిడ్ అని ఒక పురుగు ఉంటది. మూడు నాలుగు మిల్లీమీటర్లు, గోధుమ రంగు. ఆకు మీద మామూలుగా కూర్చోదు. తల కిందికి పెట్టి ఎనక భాగం పైకి లేపి, నేలలో ఏటవాలుగా దిగేసిన మేకులెక్క ఉంటది. ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోవు. పిల్ల పురుగులు లేత చిగురులోనే ఉంటయి, తెల్లటి మైనం పోగులు వదులుతుంటయి. గ్రీనింగ్ తెగులు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోసేది ఇదే. ఆ తెగులు వచ్చిన చెట్టుకి మందు లేదు. మా నాయిన కాలంలో ఇరవై ఐదేళ్లు కాసిన తోటలు ఉండె. ఇప్పుడు చెట్లు ముందే ఎండుతున్నయి. అన్నిటికీ ఇదొక్కటే కారణం అనను, నీళ్లు, వేరుకుళ్లు కూడా ఉన్నయి. కానీ ఇది పెద్ద దొంగ.

ఆ సిల్లిడ్‌కి బాగా ఇష్టమైన మొక్క ఏదో తెలుసా? నువ్వు అడ్వాన్స్ ఇచ్చినదే.

ఇంకో సంగతి. ఈ పురుగు గుడ్లు పెట్టేది లేత చిగురు మీదనే. నిమ్మతోట ఏడాదిలో కొన్నిసార్లే చిగురేస్తది, ఆ టైం చూసి మందు కొడతం. కంచెని ఏం చేస్తవు? నెలకో రెండు నెలలకో కత్తిరిస్తవు. కత్తిరించినప్పుడల్లా కొత్త చిగురు. అంటే తోటలో మేత లేని రోజుల్లో కూడా నీ గోడ పొడుగునా 60 అడుగుల భోజనం బంతి వేసినట్టే.

కడియపులంక_కుర్రాడు | 11 జూన్, ఉదయం 7:20

నల్గొండ అన్నా, మర్యాదగానే చెప్తున్నా. మన దేశంలో ఆ పురుగు లేని ఊరుందా? కామిని ఊళ్లోకి తెచ్చిపెట్టిన పురుగు కాదది. ఎన్నో ఏళ్లుగా అపార్ట్‌మెంట్లకి, కాలేజీలకి, పార్కులకి కామిని పోతోంది. ఒక్క మొక్క మీద నింద వేసేస్తే రేపు కరివేపాకు కూడా పీకమంటారు.

మిద్దెతోట_మామ్మ | 11 జూన్, ఉదయం 7:45

కరివేపాకు పీకమన్నవాడి ఇంట్లో చారు ఎలా కాస్తారో చూస్తాను.

టాంపా_తాత | 11 జూన్, ఉదయం 8:10

ఫ్లోరిడాలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ గొడవ ఇక్కడ కళ్లారా చూసినవాణ్ని కనుక రెండు ముక్కలు.

ఇక్కడ మధుకామినిని ఆరెంజ్ జాస్మిన్ అంటారు. ప్రతి కాలనీలో కంచె ఇదే. ఇక్కడికి సిల్లిడ్ 1998లో వచ్చింది. తెగులు 2005లో మయామి వైపు బయటపడింది. ఈ మధ్యలో పురుగు ఒక మూల నుంచి రాష్ట్రమంతా ఎలా పాకింది? ఒక దారి, పెద్ద దుకాణాల తోట విభాగాల్లో కుండీల్లో అమ్మిన ఈ కామిని మొక్కలే. కంచెకని కారులో వేసుకెళ్లారు, పురుగు కూడా కారెక్కింది.

తర్వాత జరిగింది లెక్కల్లో చూడండి. 2003-04 సీజన్లో ఫ్లోరిడాలో 24 కోట్ల 20 లక్షల బాక్సుల నారింజ. బాక్సంటే సుమారు 41 కిలోలు. 2022-23లో అది 1 కోటి 60 లక్షల బాక్సులకి పడిపోయింది. ఆ ఏడు పెద్ద తుఫాను దెబ్బ కూడా ఉంది, నిజమే. కానీ తుఫాను ఒక్క పూట వచ్చి పోతుంది, ఇది ఇరవై ఏళ్లుగా తింటోంది. నేను వచ్చిన కొత్తలో దారి పొడుగునా తోటలే. పూత రోజుల్లో కారు అద్దం దించితే చాలు, లోపలంతా వాసన. ఇప్పుడు అక్కడ ఇళ్లు లేచాయి.

మా పెరట్లో నారింజ చెట్టు కూడా పోయింది. కాయ ఒక పక్కకి వంకరగా, కింది సగం పచ్చగానే ఉండిపోయేది. కోస్తే విత్తనాలు నల్లగా మాడిపోయి ఉండేవి. చేదు.

కరివేపాకు మాటెత్తారు కనుక: ఇక్కడ ఆన్‌లైన్‌లో కరివేపాకు మొక్క కొనబోతే, నిమ్మజాతి పండించే రాష్ట్రాలకి పంపం అని రాసి ఉంటుంది. ఇండియా నుంచి పచ్చి కరివేపాకు తెస్తే ఎయిర్‌పోర్టులో తీసి పడేస్తారు. మా ఆవిడ రెండుసార్లు పోగొట్టుకుంది. కారణం ఈ పురుగే.

నల్గొండ_బత్తాయి | 11 జూన్, ఉదయం 9:05

తాతగారూ, ఇక్కడికీ అక్కడికీ తేడా ఉంది, అది కడియం తమ్ముడు చెప్పిందే. మీకు పురుగు బయటి నుంచి వచ్చింది. మాకు ముందు నుంచే ఉంది. నేను కామిని పురుగుని తెస్తది అనట్లే. ఉన్న పురుగుని మేపుతది అంటున్న.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల ముందర వేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మూడెకరాల నిమ్మ గోడ అవతల పెట్టుకుని ఇవతల కామిని వద్దు అంటున్న. అంతే.

కాకినాడ_బోటనీ | 11 జూన్, ఉదయం 11:40

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కొంచెం విడదీసి చెప్తాను.

సిల్లిడే ఈ తెగులుని మోస్తుందని మన దేశ శాస్త్రవేత్తలే 1967లో చూపించారు. తెగులుకి మూలం ఒక బాక్టీరియా. అది ఆకు తయారుచేసిన ఆహారం కిందికి దిగే గొట్టాల్లో కాపురం పెట్టి దారి మూసేస్తుంది. ఆకులో పిండి పేరుకుపోతుంది, వేరుకి తిండి అందదు.

ఇప్పుడు కామిని. ఆ బాక్టీరియా కామినిలో ఉండగలదు గానీ నిమ్మజాతిలోలా బలంగా స్థిరపడదు. కాబట్టి కామిని పెద్ద తెగులు గోదాం కాదు. కానీ పురుగు మాత్రం దాని మీద హాయిగా పిల్లల్ని పెడుతుంది. కరివేపాకూ అంతే, పురుగుకి ఇల్లు, తెగులుకి కాదు. కాబట్టి మామ్మగారూ, మీ చారు క్షేమం. ఒక్క కరివేపాకు చెట్టుకీ, ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ చిగురు పెట్టించే 41 కామిని మొక్కల వరసకీ మేతలో పోలికే లేదు.

నిమ్మకి బత్తాయి కంటే ఈ తెగులుని తట్టుకునే శక్తి ఎక్కువే. అంటే గూడూరు అబ్బాయికి రేపే తోట పోతుందని కాదు.

తోటలో ఆకు పసుపెక్కితే వెంటనే కంగారు పడకుండా చూసే పద్ధతి ఒకటుంది. ఆకు తెంపి నడి ఈనె దగ్గర సగానికి మడవండి. జింక్ లోపమైతే రెండు సగాల్లోనూ పసుపు ఒకే తీరుగా, అద్దంలో చూసినట్టుంటుంది. గ్రీనింగ్ అయితే ఎడమ సగం ఒకలా, కుడి సగం ఒకలా, మరకలు మరకలుగా ఉంటుంది. ఖాయం చేయాల్సింది ల్యాబే. కానీ అనుమానించాల్సిన చెట్టు ఏదో ఈ మడతలో తెలుస్తుంది.

తొందరగాడు | 11 జూన్, మధ్యాహ్నం 12:15

మందు కొట్టేస్తే పోలా? తోటకి ఎలాగూ కొడుతున్నారుగా.

మిద్దెతోట_మామ్మ | 11 జూన్, మధ్యాహ్నం 1:30

ఆ కంచె పక్కనే వాళ్లమ్మ కూర్చుని కూరలు తరుగుతుంది నాయనా. పైగా కామిని పూసిందంటే తేనెటీగల మోత. దాని మీద మందు కొడితే ఆ పాపం ఎవరికి?

గూడూరు_గాలి | 11 జూన్, రాత్రి 10:50

ఈ రోజు ఊరికి వచ్చాను. అందరూ చెప్పింది చదివి సాయంత్రం అమ్మ కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్లాను. పాత కెమెరా లెన్సు ఒకటి తిరగేసి పట్టుకుని చిగుర్లు చూశాను. మూడో చిగురులోనే దొరికాయి. చింతగింజలో పదో వంతు కూడా ఉండవు. నల్గొండ అన్న చెప్పినట్టే తోక పైకెత్తి వరసగా నలుగురు. వేలు దగ్గరికి తీసుకెళ్తే చటుక్కున ఎగిరిపోయాయి. పక్క చిగురులో పసుపు రంగు పిల్లలు, వాటి ఒంటి నుంచి తెల్లటి దారం లాంటిది మెలికలు తిరిగి వేలాడుతోంది. ఇన్నేళ్లు ఆ చెట్టు నుంచి రెబ్బలు తెంపాను, ఒక్కసారి కూడా చూడలేదు.

నాన్నకి చూపించాను. ఏదో కొత్త విషయం కనిపెట్టినట్టు ఫ్లోరిడా దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన టవల్‌తో మొహం తుడుచుకుని, "చిగురేసినప్పుడల్లా మందు కొట్టేది దేనికనుకున్నావు?" అన్నాడు. మరి కామిని వేస్తానంటే ఎందుకు ఊరుకున్నావంటే, "నువ్వు తెచ్చేది నిమ్మకి చుట్టమని నాకేం తెలుసు, పూలచెట్టన్నావు" అన్నాడు.

సరే, కామిని లేదు. అడ్వాన్స్ సంగతి నర్సరీ వాళ్లతో మాట్లాడతాను. ఇప్పుడు ఏం వేయాలి? ఉప్పు నీళ్లు, ఇసుక కలిసిన ఎర్ర నేల, ఆరడుగుల ఎత్తు, నిమ్మకి చుట్టం కాకూడదు.

కడియపులంక_కుర్రాడు | 12 జూన్, ఉదయం 6:40

తోట ఉందని మొదటే చెప్పుంటే నేనూ ఆలోచించేవాణ్ని అన్నా. నల్గొండ అన్న చెప్పింది నాకు రాత్రంతా బుర్రలో తిరిగింది. ఇకనుంచి కామిని అడిగినవాళ్లని నేనూ ఆ ప్రశ్న అడుగుతా.

అడ్వాన్స్ గురించి కంగారు వద్దు. చాలామంది డబ్బు వెనక్కివ్వరు గానీ వేరే మొక్క అడిగితే ఇస్తారు.

నూరువరహాలు అందంగా ఉంటుంది గానీ మీ నీళ్లకి పసుపెక్కిపోతుంది, వద్దు. డ్యురాంటా తొందరగా వస్తుంది, కానీ ఆ పసుపు కాయలు విషం, పిల్లలుంటే వద్దు. పచ్చగన్నేరు ఇంకా పెద్ద విషం, దాని మాటే ఎత్తకండి. హైవే డివైడర్ మీద గన్నేరు బాగుంటుంది. ఎదుటి లైట్లు ఆపుతుంది, పశువులు ముట్టవు. ఇంటి గుమ్మం ముందు మాత్రం అదీ విషమే.

మిగిలినవి రెండు: పిసంగి, గోరింట.

నిద్రలేని_నారి | 12 జూన్, ఉదయం 10:00

పిసంగి అంటే పార్కుల్లో ఏనుగులు, నెమళ్ల ఆకారంలో కత్తిరిస్తారే, అదేనా?

కడియపులంక_కుర్రాడు | 12 జూన్, ఉదయం 10:08

అదే. సముద్రపు ఒడ్డు మొక్క, ఉప్పు నీళ్లు దానికి పుట్టింటి నీళ్లు. మేక నోరు పెట్టదు. కానీ వానాకాలం నెలకి రెండుసార్లు కత్తెర పడాలి, లేకపోతే గోడ దాటి రోడ్డెక్కుతుంది.

మిద్దెతోట_మామ్మ | 12 జూన్, ఉదయం 11:15

గోరింట వెయ్యి బాబూ. మా పుట్టింట్లో పెరడంతా గోరింట కంచే. నీళ్లు లేకపోయినా బతుకుతుంది. పూత సన్నగా, తెలుపూ పసుపూ కలిసినట్టుంటుంది. ఆ వాసన కామినికి తీసిపోదు, ఇంకా నెమ్మదిగా ఉంటుంది. కొమ్మ ముదిరితే కొసలు ముళ్లవుతాయి కాబట్టి దొంగకి కూడా ఇబ్బందే. ఇక కత్తిరింపు అంటావా, ఆషాఢం వస్తే వీధిలో ఆడవాళ్లంతా బుట్టలు పట్టుకొచ్చి చేసిపెడతారు. కూలీ ఖర్చు లేదు.

వాస్తుమిత్ర | 12 జూన్, మధ్యాహ్నం 12:02

ముళ్ల చెట్టు సింహద్వారానికి ఎదురుగా ఉండకూడదు. దిక్కు చెప్పండి, వివరంగా రాస్తాను.

నిర్వాహకుడు | 12 జూన్, మధ్యాహ్నం 12:20

వాస్తు మీద వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ రాయండి.

కాకినాడ_బోటనీ | 12 జూన్, సాయంత్రం 5:10

గోరింటకి నా ఓటు కూడా, రెండు హెచ్చరికలతో. బాగా ఎండాకాలంలో నీళ్లు పూర్తిగా మానేస్తే కొంత ఆకు రాలుస్తుంది, కామినిలాగా ముదురు పచ్చగా నిలబడదు. రెండోది, అది ఎండకి పుట్టిన మొక్క, నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు. మీ నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి. కాలవ తవ్వినచోట మట్టిని గోడ వైపుకి కాకుండా కాస్త ఎత్తుగా, గట్టులా పోయించండి.

మొక్కలు కొననక్కర్లేదు. పెన్సిలు మందం కొమ్మలు, అడుగు పొడుగు, కనీసం రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా ఏటవాలుగా గుచ్చండి.

గూడూరు_గాలి | 29 జూన్, రాత్రి 8:30

చిన్న అప్‌డేట్. వెంకటగిరి వైపు మా పెద్దమ్మ వాళ్ల ఊరి నుంచి గోరింట కొమ్మలు రెండు గోతాల్లో వచ్చాయి. బస్సులో తెస్తుంటే కండక్టర్ టికెట్ కొట్టలేదు గానీ వాళ్లావిడకని నాలుగు రెబ్బలు తీసుకున్నాడు. అడుగుకొకటి చొప్పున 60 గుచ్చాం. నాన్న తాడు కట్టి గీత వేశాడు, నిమ్మ వరసకి కట్టినట్టే.

నర్సరీ వాళ్లు అడ్వాన్స్ వెనక్కివ్వలేదు. దాని బదులు మందారాలు, రెండు పారిజాతం ఇచ్చారు. ఒక్క కామిని మాత్రం తెచ్చుకున్నాను, దాచను. చెన్నై ఫ్లాట్ బాల్కనీలో కుండీలో ఉంది. అక్కడికి మా తోట 130 కిలోమీటర్లు. నల్గొండ అన్నకి అభ్యంతరమా?

నల్గొండ_బత్తాయి | 29 జూన్, రాత్రి 8:52

లేదు. కానీ సంక్రాంతికి ఊరికి పోయేటప్పుడు కుండీ కారులో పెట్టుకుని పోకు 😄

కుండీల_కోమలి | 30 జూన్, ఉదయం 11:25

మధ్యలో దూరినందుకు క్షమించండి. హైదరాబాద్‌లో ఐదో అంతస్తు, మూడు గంటల ఎండ. మా కామిని రెండేళ్లయినా పూయలేదు. ఆకు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నెలనెలా షేప్ కోసం కత్తిరిస్తున్నాను.

కడియపులంక_కుర్రాడు | 30 జూన్, ఉదయం 11:50

మీరే కోసేస్తున్నారు మేడమ్. పూత వచ్చేది కొత్త కొమ్మ కొసన. నెలనెలా ఆ కొసే తీసేస్తే ఇంకేం పూస్తుంది? రెండు నెలలు కత్తెర దాచేయండి. మూడు గంటల ఎండ కూడా తక్కువే, వీలైతే ఇంకాస్త ఎండ తగిలే చోటికి జరపండి. వారం పాటు నీళ్లు కాస్త తగ్గించి ఆకు వాడబోతున్నప్పుడు నిండుగా పోయండి, వాన పడిందనుకుంటుంది.

గూడూరు_గాలి | 16 నవంబర్, సాయంత్రం 6:15

చాలా రోజులైంది. అరవైలో 49 బతికాయి. పోయిన పదకొండింటిలో తొమ్మిది గేటు పక్కన ఒకే చోటివి. అక్కడ గట్టు పోయించడం మర్చిపోయాం, గత నెల వానకి మూడు రోజులు నీళ్లు నిలిచాయి. బోటనీ సార్ ముందే చెప్పారు, నాదే తప్పు. మిగతా రెండూ మేక ఖాతా. మళ్లీ కొమ్మలు గుచ్చాం.

బతికినవి నడుము దాకా వచ్చాయి. కానీ ఒక్కొక్కటి ఒకే పుల్లలా నిలువుగా లేస్తోంది. మధ్యలో ఖాళీలు. అమ్మ కూర తరగడం ఇంకా కనిపిస్తూనే ఉంది. వచ్చే ఆషాఢం దాకా ఆగాలా? కత్తిరించాలంటే చెయ్యి రావట్లేదు, ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి.

కడియపులంక_కుర్రాడు | 16 నవంబర్, సాయంత్రం 6:31

మొదటి రోజే చెప్పా కదన్నా, ఏ మొక్కయినా ఇదే రూలు. వానలు తగ్గి నేల ఆరగానే మోకాలి దగ్గరికి కోసెయ్. అన్నీ, ఒక్కటి కూడా వదలొద్దు.

మిద్దెతోట_మామ్మ | 16 నవంబర్, సాయంత్రం 6:40

కోసిన ఆకు పారేయకు. మీ అమ్మ చేతికి పెట్టు.